మాటలు మింగే జల్లెడ

పైడిరాజు గొంతులో పుట్టిన మాటల్లో సగానికి సగం దారిలోనే మాయమైపోతున్నాయని, అది జబ్బు చేస్తున్న పని కాదు, ఎవరో మనిషి చేయించిన పనేనని శుక్రవారం పొద్దున్న కాఫీ చల్లారేలోపు హైమకు తెలిసిపోయింది.

తెర మీద రెండు గీతలున్నాయి. పై గీత ఆమె మేనమామ పైడిరాజు మెడకు కట్టిన పట్టీ నుంచి వస్తున్నది. అది సంతరోజు బస్టాండులా కిటకిటలాడుతోంది. కింది గీత అదే పట్టీకున్న చిన్న స్పీకరులోంచి నిజంగా వినబడిన మాటలది. అది బందు రోజు బజారులా ఉంది.

"రెజీనా గారూ, ఒకసారి ఇలా రండి," అని పిలిచింది హైమ.

డాక్టర్ రెజీనా నరాల వైద్యురాలు. పెదవాల్తేరులో ఒక పాత బంగళా అద్దెకు తీసుకుని పైడిరాజుతో కలిసి ఈ లేబరేటరీ పెట్టిన మనిషి. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని తెర దగ్గరకు వంగింది.

"గొంతు కదులుతోంది, మాట రావట్లేదు. నేను చెప్పిందే కదా హైమా. మాట కూర్చుకునే శక్తి పోతోంది ఆయనకి."

"కూర్చుకోలేకపోతే పై గీత ముక్కలు ముక్కలుగా ఉండాలండి. చూడండి. ప్రతి వాక్యానికీ మొదలుంది, చివర ఊపిరి వదిలిన గుర్తుంది. నిండు వాక్యాలు. జల్లెడలోకి వెళ్తున్నాయి. ఇటు రావట్లేదు."

రెజీనా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

జల్లెడ పైడిరాజు రాసిందే. మనిషి లోపల ఒక మాట అనుకున్నా చాలు, గొంతు దగ్గరి నరాలు సన్నగా వణుకుతాయి. ఆ వణుకును పట్టీ పట్టుకుని గుర్తులుగా మారుస్తుంది, గుర్తులు మాటలవుతాయి, స్పీకరు పలుకుతుంది. పక్షవాతంతో నోరు పడిపోయిన వాళ్లకి మళ్లీ మాట ఇవ్వాలని మొదలుపెట్టిన పని అది. తొలిసారి పరీక్షకు ఆరోగ్యంగా ఉన్న పైడిరాజే పట్టీ కట్టుకున్నాడు. ఆ సమయానికి గ్రాంటు ఇచ్చే పెద్దమనిషి ఒకాయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పైడిరాజు నోరు విప్పకుండా చిరునవ్వు నవ్వుతూనే ఉన్నాడు. పట్టీ మాత్రం, "ఈయన ఎప్పుడు లేస్తాడో, నాకు ఆకలి దంచేస్తంది," అని గదంతా వినబడేలా చెప్పేసింది.

గ్రాంటు ఆ ఏడాది రాలేదు. జల్లెడ మాత్రం ఆ రోజే పుట్టింది.

అనాలనుకున్న మాటకి, అనుకుని ఊరుకున్న మాటకి గొంతులో తేడా ఉంటుంది. ఆ తేడాను పట్టేది ఒకే ఒక్క పంక్తి. కంప్యూటర్ వాళ్లు దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. ఫలానా గుర్తుతో మొదలై, మధ్యలో ఫలానావి ఎన్నైనా వచ్చి, ఫలానా దగ్గర ఆగే వరస కనిపిస్తే పట్టుకో, కనిపించకపోతే వదిలెయ్ అని చెప్పే పంక్తి. పైడిరాజు ఏళ్ల తరబడి దానికి ముక్క మీద ముక్క అతికిస్తూ పోయాడు. అచ్చు తీస్తే చీర పొడవు వస్తుంది. చుక్కలు, నక్షత్రాలు, బ్రాకెట్లో బ్రాకెట్లు. దాన్ని చూసినవాళ్లు సిరాబుడ్డిలో పడి లేచిన చీమలు కాగితం మీద నడిచాయనుకుంటారు.

ఆ జల్లెడ పూర్తయిన ఏడాదే పైడిరాజుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు పడిపోయాయి. ఎవరికోసమో కుట్టిన చొక్కా చివరికి దర్జీకే తొడగాల్సి వచ్చింది.

పట్టీ కట్టాక ఆయనకు మాట తిరిగొచ్చింది. అందరూ సంతోషించారు. కానీ కొన్ని వారాలుగా ఆ మాటలు తగ్గిపోతూ వచ్చాయి. మెదడులో దెబ్బ లోలోపల పాకుతోందని రెజీనా అనుమానం. వణుకు పట్టడానికి పట్టీ పంపే సన్నటి కరెంటు అలా చెడిపోతున్న నరాలకి మంచిది కాదు. అందుకే సోమవారం పట్టీ తీసేద్దామని ఆవిడ నిర్ణయించింది. తీస్తే పైడిరాజు మళ్లీ మూగవాడే.

"జల్లెడలో ఎవరో చెయ్యి పెట్టారండి," అంది హైమ. "నేను చివరిసారి చూసినప్పటిలా లేదు. దాని తాళం మన ముగ్గురి దగ్గరే ఉంది. నేను ముట్టుకోలేదు. మావయ్యకి చెయ్యి పని చెయ్యదు."

"అంటే నేనా?" రెజీనా కనుబొమలు పైకి లేచాయి. "పాముల పుట్టలో చెయ్యి పెట్టమంటే పెడతానేమో గానీ ఆ పంక్తి జోలికి మాత్రం వెళ్లనమ్మా. అయినా అనుమానం ఎందుకు, పాత జల్లెడ తీసి వేసెయ్."

"పాతది ఇప్పటి గొంతుకి పట్టదు. ఈ జల్లెడ రోజూ ఆయన గొంతుకి తగ్గట్టు తనని తను సర్దుకుంటూ వచ్చింది. కొత్తగా పెట్టిన ముక్క ఆ సర్దుబాట్లలో కలిసిపోయింది. ఎక్కడుందో వెతకాలి."

"అదీ వద్దనుకో. జల్లెడ మొత్తం పక్కన పెట్టి, పట్టీ ఇన్నాళ్లూ దాచిన గొంతు గుర్తులన్నీ నేరుగా మాటల్లోకి మార్చేద్దాం. ఏం మింగిందో మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది."

హైమ తల అడ్డంగా ఊపింది. "అందులో ఆయన అనాలనుకున్నవే కాదండి, మనసులో అనుకుని మింగేసినవీ ఉంటాయి. మీ గురించి, నా గురించి, అత్త గురించి. ఆయన నోరు లేకుండా పడున్నాడు కదా అని మనసు తాళం పగలగొడతామా?"

రెజీనా కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "సరే. సోమవారంలోపు ఆ పంక్తి అర్థం చేసుకుని, తప్పు ఆయన బుర్రది కాదని నాకు చూపించు. చూపించలేకపోతే నేను డాక్టర్ని, నా పని నేను చెయ్యాలి."

ఆ మధ్యాహ్నం హైమ అక్కయ్యపాలెంలో మావయ్య ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన అత్త వరహాలు ఆమెను లోపలికి రానివ్వకుండా గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది.

"మీ మావయ్యకి మతి పోతందమ్మా."

"ఏమైంది అత్తా?"

"నన్ను మీరు అంటన్నాడు." వరహాలు గొంతు తగ్గించింది. "పొద్దున్న మంచినీళ్లిస్తే 'ధన్యవాదాలండి' అన్నాడు. నాకు గుండె జారిపోనాది. నాను ఎవరో తెలీదేటమ్మా ఆయనకి?"

పైడిరాజు కిటికీ పక్కన పేము కుర్చీలో ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు గానీ కళ్లలో చురుకు అలాగే ఉంది. పట్టీలోంచి వచ్చేది ఆయన గొంతే. ఆయన ఒకప్పుడు క్లాసులో చెప్పిన పాఠాల రికార్డింగుల నుంచి దాన్ని తయారు చేశారు.

"హైమ గారూ, కూర్చోండి."

"గారేంటి మావయ్యా, కొత్తగా? తింగరిదానా అనకుండా నన్ను ఎప్పుడైనా పిలిచావా నువ్వు?"

పైడిరాజు గొంతుముడి పైకీ కిందికీ ఆడింది. ఒక నిండు వాక్యానికి సరిపడా ఆడింది. ఇంకో వాక్యానికీ ఆడింది. స్పీకరు మాత్రం ఉలకలేదు. ఆయన ఎడమ చెయ్యి కుర్చీ చేతిని టపీమని కొట్టింది. గొంతు ఇంకా వేగంగా కదిలింది. స్పీకరు అప్పటికీ పలకలేదు. చివరికి ఆయన కళ్లు మూసుకుని, ఊపిరి వదిలి, మెల్లగా ఒక్క మాట పంపాడు.

"క్షమించండి."

హైమకు ఏడుపొచ్చింది. దిగమింగుకుని లాప్‌టాప్ ఆయన ఒళ్లో పెట్టింది. "నీ జల్లెడలో ఎవరో వేలు పెట్టారు మావయ్యా. నువ్వైతే ఒక్క చూపుకి పట్టేస్తావు. చూడు."

పంక్తిలో ఎవరైనా ఒక చుక్క తప్పు పెడితే దూరం నుంచే పట్టి తిట్టే మనిషి. ఆ మనిషి తెర వంక ఒక్క క్షణం చూశాడు, చూపు కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

"అలసటగా ఉంది. తర్వాత చూద్దామండి."

తిరిగొస్తూ ఆటోలో కూర్చున్న హైమకు, రెజీనా చెప్పిందే నిజమేమోనని మొదటిసారి భయం వేసింది.

శనివారం పొద్దున్నే ఆమె పంక్తిని తెర మీద పరిచింది. చదువుకునే రోజుల్లో మావయ్య నెత్తిన మొట్టి నేర్పిన పద్ధతి ఒకటుంది. "ఎడం నుంచి కుడికి చదివీవోడు ఎర్రోడే. ముందు బ్రాకెట్లకి జతలు చూడు. ఏది ఎక్కడ తెరుచుకుంది, ఎక్కడ మూసుకుంది. లోపల ఏముందో తరవాత చూద్దువు."

ఆమె అలాగే చేసింది. పెద్ద బ్రాకెట్టు దగ్గర విరిచి కింది వరసకి దించింది. దాని లోపలి బ్రాకెట్టును ఇంకొంచెం పక్కకి జరిపింది. చీర పొడవు పంక్తి మెట్లు మెట్లుగా విడిపోయింది. ఒక్కో ముక్కకి ఒక్కో పేరు పెట్టింది. ఇది ప్రశ్నలు పట్టేది. ఇది పేర్లు పిలిస్తే పట్టేది. ఇది దగ్గుని, ఆవలింతని వదిలేసేది. కొన్ని ముక్కలు చూడగానే తెలిశాయి. కొన్ని ఎంత చూసినా తెలియలేదు. తెలియని ముక్కని తెలుసుకోవడానికి ఒకటే దారి, దాని నోట్లో ఏదో ఒకటి పడేసి ఏం చేస్తుందో చూడటం.

అందుకని వాక్యాలు తయారు చేసి, గొంతు గుర్తుల్లోకి మార్చి జల్లెడలోకి పంపడం మొదలుపెట్టింది. పంపినవన్నీ పొల్లుపోకుండా బయటికొచ్చాయి. ఒక్కటి కూడా మింగలేదు. మధ్యాహ్నమయ్యేసరికి హైమ జుట్టు పీక్కునే స్థితికొచ్చింది.

అప్పుడే వరహాలు కేరేజీతో వచ్చింది. ఇంట్లో పైడిరాజుకు తోడుగా పక్కింటావిడను కూర్చోబెట్టి వచ్చానంది. కేరేజీ విప్పుతూ తెర మీదున్న వాక్యాలు పైకి చదివింది.

"'నాకు మంచినీళ్లు కావాలి. ఈరోజు వాతావరణం ఆహ్లాదంగా ఉంది.' ఇవేటమ్మా?"

"మావయ్య మాటల కోసం పరీక్ష అత్తా."

"ఇవి మీ మావయ్య మాటలా? రేడియోలో వార్తల్లాగున్నాయి. పెళ్లైన కాణ్ణించి ఆయన నాతో ఇలగ ఒక్క ముక్క మాటాడితే ఒట్టు."

హైమ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "మరి ఎలా మాట్లాడతాడు?"

"ఎలగేటి, తిట్టకుండా ఏదీ అడగడు కదా. ముందు తిట్టు, ఎనకాల అసలు సంగతి. వాళ్ల నాన్నా అంతే, వాళ్ల తాతా అంతేనట."

"చెప్పు. ఆయన అన్నట్టే చెప్పు."

వరహాలు మొదట సిగ్గుపడింది. తర్వాత కొంగు నడుముకి దోపుకుని, గొంతు బొంగురు చేసుకుంది. "ఒలే వరాలూ, చెవుల్లో దూదెట్టుకున్నావేటి? ఆ ఫేనాపు. చలేస్తంది. నువ్వు తిన్నావా?"

హైమ కీబోర్డు మీద కొట్టింది. జల్లెడలోకి పంపింది. తెర ఖాళీ.

ఆమె నిటారుగా కూర్చుంది. "ఇంకోటి."

"నీ కళ్లు కాకులు పొడిసినాయా, అక్కడ మెట్టుంది చూసుకో. పడితే ఎవులు లేపుతారు నిన్ను?"

ఖాళీ.

"ఇంకోటి అత్తా."

వరహాలుకు ఉత్సాహం వచ్చేసింది. దిష్టిబొమ్మ తిట్టు, మట్టిబుర్ర తిట్టు, పండక్కి మాత్రమే తిట్టే తిట్టు, అత్తవారింటి నుంచి వారసత్వంగా వచ్చిన తిట్టు వరసగా వల్లించింది. నవ్వుతూనే వల్లించింది. హైమ నవ్వాపుకుంటూ కొడుతూనే ఉంది. అన్నీ ఖాళీ. చివరికి హైమ తిట్లు తీసేసి, తోక మాత్రం పంపింది.

'నువ్వు తిన్నావా?'

కంప్యూటరు స్పీకరులోంచి పైడిరాజు గొంతు ముచ్చటగా పలికింది. "నువ్వు తిన్నావా?"

వరహాలు కొంగుతో కళ్లొత్తుకుంది.

తిట్లతో మొదలయ్యేవాటినే మింగుతోందని తెలిశాక ముక్క దొరకడం ఎంతసేపు. పంక్తికి అన్నింటికంటే ముందు, ప్రశ్నలూ పేర్లూ పట్టే ముక్కల కంటే ముందు, ఎవరో ఒక బ్రాకెట్టు దూర్చారు. హైమ దాన్ని విప్పి చూసింది. కసురు గుర్తుతో మొదలవ్వాలి, తర్వాత ఏమైనా ఎన్నైనా ఉండొచ్చు, చివర ఊపిరి గుర్తు ఉండాలి. అలాంటిది దొరికితే పారెయ్. అంతే.

"మరి తిట్టునే పారెయ్యాలి గదా," అంది వరహాలు. "ఎనకాల మాట ఏటి చేసింది?"

"మీ నాన్నగారు రైల్వేలో చేశారు కదా అత్తా?"

"కొత్తవలస యార్డులో."

"అయితే ఇలా అనుకో. యార్డులోకి వెళ్లి, ఇంజనుతో మొదలై గార్డు పెట్టెతో ముగిసే బండిని పట్టుకుపొమ్మని ఒకడికి చెప్పావు. పట్టాల మీద ఒకదాని వెనక ఒకటి మూడు బళ్లు నిలబడి ఉన్నాయి. వాడు మొదటి బండి గార్డు పెట్టె దగ్గర ఆగాలి కదా. ఆగడు. వాడికి ఆశెక్కువ. పట్టాల చివరిదాకా నడిచిపోయి, అక్కణ్ణుంచి వెనక్కి చూసుకుంటూ వస్తాడు. మొదట కనబడే గార్డు పెట్టె ఎవరిది?"

"ఆఖరి బండిది."

"అదిగో. మొదటి ఇంజను నుంచి ఆఖరి గార్డు పెట్టె దాకా అంతా ఒకే బండి అనుకుని లాక్కుపోతాడు. మావయ్య ఒక విడతలో తిట్టూ, అడిగే మాటా, ముద్దు మాటా వరసగా అంటాడు. తిట్టుని పట్టుకుంటే మొత్తం పోయింది." హైమ తెర మీద ఒక చోట వేలు పెట్టింది. "ఈ నక్షత్రం ఉంది చూడు, ఎన్నైనా అని దానర్థం. దీని పక్కన ఒక ప్రశ్నార్థకం పెడితే, మొదటి గార్డు పెట్టె దగ్గరే ఆగు అని. అది పెట్టలేదు."

"ఒక్క కొక్కెం గుర్తు పెట్టనందుకు నా మొగుడు మూగోడైనాడా?"

"మొదట కొంచెమే మూగోడయ్యాడు. మాట రావట్లేదని విసుగొచ్చి ఇంకా తిట్టాడు. తిట్టిన కొద్దీ ఇంకా మింగింది. అందుకే రానురాను తగ్గిపోయాయి."

వాళ్ల వెనక రెజీనా ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. "అంటే బుర్ర బాగానే ఉందన్నమాట," అంది నెమ్మదిగా. "సరే. ఈ పని చేసిందెవరు?"

హైమ లేచి నిలబడింది. "నిన్న మిమ్మల్ని అనుమానించానండి. తప్పు నాది."

"దాన్దేముంది. అనుమానించకపోతే నువ్వు నా దగ్గర పని నేర్చుకోనట్టే. ఆ కసురు గుర్తు కింద ఏవేం రాశారో చదువు."

హైమ చదివింది. ఏది కసురో జల్లెడకు తెలియడానికి ఆ ముక్కలో తిట్లన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదానికి వరహాలు తలాడిస్తూ వచ్చింది. ఒక తిట్టు దగ్గర మాత్రం గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది... అది వీధిలో ఎవులికీ తెలీదమ్మా. గదిలో తప్ప అనడు."

రెజీనా కళ్లు చికిలించింది. "అయితే ఇంట్లోవాళ్ల పనే. తిట్లు పడే మనిషికే కదా వాటిని ఆపాలనుంటుంది?"

వరహాలుకు ఆ మాట అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక కోపం తెచ్చుకోలేదు. కేరేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెడుతూ చెప్పింది.

"డాట్రమ్మా, పొద్దున్న లేచి ఆ తిట్టు ఇనబడితే నా ఇంట్లో మనిషున్నాడని తెలుస్తాది. ఇప్పుడు ధన్యవాదాలు అంటంటే, మా ఇంట్లో అద్దెకి దిగినోడికి కంచం పెడతన్నట్టుంది. నాకు కంప్యూటరు చేతనైతే ఆ తిట్లకి ఇంకో నాలుగు చేర్చీదాన్ని గానీ తీస్తానా?"

రెజీనా తల దించుకుంది. "తప్పయిపోయింది వరహాలు గారూ."

హైమ తెర మీది ఆ ముక్క వంకే చూస్తోంది. ఆమెకు నిన్నటి మధ్యాహ్నం గుర్తొస్తోంది. తెర చూసి పక్కకు తిరిగిపోయిన ఒక మొహం. కుర్చీ చేతిని టపీమని కొట్టిన ఎడమ చెయ్యి. పడిపోయింది కుడి చెయ్యి మాత్రమే.

ఆదివారం పొద్దున్న హైమా, రెజీనా పైడిరాజు ముందు కూర్చున్నారు. వరహాలు కూర్చోలేదు, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"మావయ్యా, కన్నం దొరికింది," అంది హైమ. "నక్షత్రం పక్కన ప్రశ్నార్థకం మర్చిపోయావు."

పైడిరాజు కళ్లు ఆమె మొహం మీదే నిలిచాయి.

"నిన్నేమీ అడగను. ఆ ముక్క తీసేస్తే నువ్వు అనాలనుకున్నదంతా బయటికొస్తుంది, తిట్లతో సహా. నువ్వు ఒప్పుకుంటేనే తీస్తాను. అది నీ జల్లెడ, నీ గొంతు."

ఆయన వరహాలు వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"తియ్యమ్మా," అంది వరహాలు.

పైడిరాజు ఎడమ చేతి వేలు పైకెత్తి, కానిమ్మన్నట్టు ఆడించాడు. హైమ బ్రాకెట్టు నుంచి బ్రాకెట్టు దాకా ఎంచి, తుడిచేసింది. స్పీకరు గరగరమంది. ఆయన గొంతుముడి ఒకసారి పైకి లేచి దిగింది.

"ఒలే వరాలూ. గుమ్మానికి తోరణంలాగ అలగ ఏలాడతావేటి? ఇలగ వొచ్చి కూచో. ఇది నీ గురించే."

వరహాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"చేసింది నానే. రెజీనా గారికి పాపం ఏటీ తెలీదు. నువ్వు కూరలకెళ్లిన టైములో ఎడం చేతి ఏలితో ఒక్కో గుర్తూ పొడిసి పెట్టినాను. ఎందుకంటే, పట్టీ కట్టిన రోజు గుర్తుందా? అన్ని నెలలు మూగోణ్ణై పడుంటే నువ్వు నోట్లో గంజి పోసినావు, మూతి తుడిసినావు, ఒళ్లు కడిగినావు. అలాంటి మనిషితో నా గొంతులోంచి మొట్టమొదట వచ్చిన మాటేటి? గంజి కాలిపోతంది, కళ్లు నెత్తికెక్కినాయా అని. అందరూ పగలబడి నవ్వినారు. నువ్వొక్కదానివే ఏడ్చినావు."

"అది నీ గొంతు ఇన్నందుకురా దేవుడా," అంది వరహాలు. "తిట్టినందుక్కాదు."

"నాకెలగ తెలుస్తాది? నాను అలగ అనుకోలేదు. ఇంత చాకిరీ చేయించుకుని ఇంకా తిడతన్నానని సిగ్గేసింది. నోటికి అలవాటు పోదు, జల్లెడకి నేర్పితే పోతాది అనుకున్నాను. రాసింది నానే కదా, ఒక ముక్క అతికించీడం ఎంతసేపని. అతికించినాక తెలిసింది, తిట్టుతో పాటు ఎనకాలదీ పోతందని. సర్దుదామని మళ్లీ తెరిసినాను." ఆయన చూపు హైమ వైపు తిరిగింది. "హైమా, తింగరిదానా, ఇది నీతో చెప్పడానికే నాకు చచ్చేంత సిగ్గు. ఆ పంక్తి నాకు అర్థం కాలేదే. నా చేత్తో నాను రాసిందే. ఏ బ్రాకెట్టు ఎక్కడ మూసుకుంటాదో పట్టుకుందామంటే చేతిలోంచి చేపలాగ జారిపోతంది. బుర్రలో ఆ మూల దీపం ఆరిపోయింది. మొన్న నువ్వు ఒళ్లో పెట్టినప్పుడు కూడా అంతే. చెప్తే బుర్ర పోయిందని పట్టీ ఇప్పీస్తారు. ఇప్పీస్తే ఆ 'మంచినీళ్లివ్వండి' కూడా పోతాది. అందుకని 'మీరు', 'అండి' అనుకుంటా దొంగలాగ బతికినాను. రెజీనా గారూ, ఇప్పుడు ఇన్నారు కదా. ఉంచుతారో తీస్తారో మీ దయ."

రెజీనా కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పంక్తి చదవలేకపోవడం వేరు పైడిరాజు గారూ, మాట పోవడం వేరు. మీ మాట గుండ్రాయిలా ఉంది. పట్టీ మీ మెడకే ఉంటుంది."

"జల్లెడ నేను చూసుకుంటాను మావయ్యా," అంది హైమ. "నువ్వు నేర్పిందే కదా."

పైడిరాజు వాళ్లిద్దరి వంకా చూడలేదు. ఆయన ఎడమ చెయ్యి వరహాలు తల మీద ఉంది.

"అయితే ఇను వరాలూ. నీతో తిట్టకుండా మాటాడ్డం నాకు రాదు, ఈ జన్మకి రాదు. తిట్టు బయట పెట్టి అసలు మాట ఎనకాల దాచుకునీవోణ్ణి. ఇన్నాళ్లూ ఆ ఎనకాల ఏటన్నానో నీకు ఇనబళ్లేదు. నన్ను కుర్చీలోకి ఎత్తిన ప్రతిసారీ నీ నడుం పట్టీడం చూసినాను. గోడ పట్టుకుని నిలబడతావు, నాను చూళ్లేదనుకుంటావు. మొద్దు మొహమా, సాయానికి ఓ మనిషిని పెట్టుకోవే, నువ్వు పడిపోతే నాకెవులున్నారే అని రోజూ మొత్తుకున్నాను. రోజూ అది మింగీసింది. ఇప్పుడు ఇంటన్నావు కదా. ఇన్నాక కూడా రేపు నువ్వే ఎత్తడానికి వచ్చినావంటే, అప్పుడు చెప్తాను నీ పని. ఈ పట్టీ తెగి కింద పడీదాకా తిడతాను."